పాత్‌ఫైండర్‌లో గద్ద తోడు: మొదటి లెవెల్ నుంచి పెంచుకునే పద్ధతి

బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో సహచర జంతువును ఎంచుకోవలసి వచ్చినప్పుడు చాలామంది తోడేలునో చిరుతనో కోరుకుంటారు, ఎందుకంటే అవి శత్రువు మీదకు దూకే దృశ్యం వెంటనే కళ్ళకు కడుతుంది. గద్దను ఎంచుకునేవారిలో కూడా కొందరు ఎగిరే తోడేలు దొరికిందన్న ఆశతోనే దాన్ని తీసుకుని, కొన్ని లెవెళ్ళు గడిచేసరికి నిరుత్సాహపడతారు. గద్ద విలువ దాని గోళ్ళలో కంటే అది చేరగల ఎత్తులో ఉంది. ఆ ఎత్తులో అది తడబడకుండా ఎలా నిలబడాలో, అక్కడి నుంచి చూసినదాన్ని జట్టుకు ఎలా చేరవేయాలో ముందే ఆలోచించి పెంచుకున్నవారికి ఇంతకు మించిన తోడు లేదని నా దృఢమైన అభిప్రాయం.

ఈ మార్గదర్శి పైజో సంస్థ 2009లో విడుదల చేసిన పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్‌కు సంబంధించినది. 2019లో వచ్చిన రెండో ఎడిషన్‌లో సహచర జంతువుల నియమాలు పూర్తిగా మారాయి కాబట్టి ఇక్కడి అంకెలు దానికి వర్తించవు.

1. మీ పాత్రకు గద్ద ఎప్పుడు దక్కుతుంది

ప్రకృతి శక్తితో మంత్రాలు వేసే డ్రూయిడ్ పాత్రకు మొదటి లెవెల్‌లోనే ప్రకృతితో బంధం ఏర్పడుతుంది. అప్పుడు దైవశక్తికి సంబంధించిన డొమైన్‌ను గాని, సహచర జంతువును గాని, రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవాలి. జంతువును ఎంచుకుంటే పట్టికలో గద్ద, డేగ, గుడ్లగూబ మూడింటికీ కలిపి ‘బర్డ్’ అన్న ఒకే పద్దు కనిపిస్తుంది. మూడింటి అంకెలూ ఒకటే, తేడా మీరు దాన్ని నడిపించే తీరులోనే ఉంటుంది.

అడవుల్లో తిరిగే వేటగాడి పాత్ర అయిన రేంజర్‌కు నాలుగో లెవెల్‌లో ‘హంటర్స్ బాండ్’ ద్వారా ఈ అవకాశం వస్తుంది. రేంజర్‌కు అనుమతించిన చిన్న జాబితాలో కూడా పక్షి ఉంది. అయితే రేంజర్ లెవెల్ నుంచి 3 తీసివేసి గద్ద లెవెల్‌ను లెక్కించాలి గనుక, నాలుగో లెవెల్ రేంజర్ పక్కన ఉండేది మొదటి లెవెల్ గద్ద మాత్రమే. నాలుగో లెవెల్ శత్రువుల మధ్య అది ఒక్క దెబ్బకే నేలకూలే ప్రమాదం ఉంది. అందువల్ల రేంజర్‌గా ఆడేవారు ‘బూన్ కంపానియన్’ అనే ఫీట్‌ను (ఫీట్ అంటే ఆటగాడు ఎంచుకునే ప్రత్యేక విద్య) వీలైనంత త్వరగా తీసుకోవాలి. అది తోడు లెవెల్‌ను నాలుగు వరకు పెంచుతుంది, కానీ మీ పాత్ర లెవెల్‌ను దాటనివ్వదు. ఈ ఫీట్‌కు ఆటను నడిపించే మీ గేమ్ మాస్టర్ ఒప్పుకోకపోతే రేంజర్‌కు గద్దను నేను సిఫారసు చేయను.

2. మొదటి షీట్‌ను నింపడం

పట్టికలో ఇచ్చిన ప్రారంభ అంకెలు ఇవి: చిన్న పరిమాణం, నేల మీద వేగం 10 అడుగులు, ఆకాశంలో 80 అడుగులు, ఎగరడంలో నేర్పు సగటు. బలం 10, చురుకుదనం 15, శరీర దారుఢ్యం 12, తెలివి 2, వివేకం 14, ఆకర్షణ 6. సహజ కవచం 1. ముక్కుతో ఒక దాడి, గోళ్ళతో రెండు దాడులు, ఒక్కొక్కటి 1డీ4 (నాలుగు ముఖాల పాచిక ఒకటి) నష్టం. వీటితో పాటు మసక వెలుతురులో ఎక్కువ దూరం చూడగలిగే లో-లైట్ విజన్ ఉంటుంది.

మొదటి లెవెల్‌లో గద్దకు రెండు హిట్ డైస్ (ప్రాణబలాన్ని లెక్కించే పాచికలు) ఉంటాయి, అంటే 2డీ8కి 2 కలిపితే సగటున 11 హిట్ పాయింట్లు. శత్రువు దాడి తగలాలంటే చేరవలసిన ఆర్మర్ క్లాస్ 14 (మూలం 10, చిన్న పరిమాణానికి 1, చురుకుదనానికి 2, సహజ కవచానికి 1). దెబ్బలను ఓర్చుకునే ఫార్టిట్యూడ్ సేవ్ (సేవ్ అంటే ప్రమాదాన్ని తట్టుకునే పరీక్ష) +4, తప్పించుకునే రిఫ్లెక్స్ సేవ్ +5, మనోబలానికి సంబంధించిన విల్ సేవ్ +2. దాడి బోనస్ బలాన్ని బట్టి లెక్కిస్తే +2 మాత్రమే వస్తుంది. తొలి ఫీట్‌గా ‘వెపన్ ఫినెస్’ తీసుకుంటే చురుకుదనాన్ని బట్టి లెక్కించవచ్చు, అప్పుడు అది +4 అవుతుంది. గద్ద షీట్‌లో రెండో ఆలోచన అక్కరలేని నిర్ణయం ఇదొక్కటే.

తోడేలుతో పోల్చి చూసుకుంటే ఏది ఆశించాలో స్పష్టమవుతుంది. ఏడో లెవెల్‌లో తోడేలు పెద్ద పరిమాణానికి ఎదిగి, దాని బలం ఒక్కసారిగా 8 పెరుగుతుంది. గద్దకు నాలుగో లెవెల్‌లో బలం 2, దారుఢ్యం 2 పెరగడంతో ప్రత్యేక ఎదుగుదల ముగుస్తుంది. అది చివరి వరకూ చిన్న పక్షిగానే ఉంటుంది.

3. ఎగరడాన్ని అర్థం చేసుకోవడం

గద్దతో ఆడేవారు అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ఇక్కడే. ఒక వంతులో తన వేగంలో సగానికి మించి, అంటే 40 అడుగుల కంటే ఎక్కువ ప్రయాణించిన గద్ద ఏ పరీక్షా లేకుండా గాలిలో ఉండిపోతుంది. అంతకంటే తక్కువ కదిలితే ఫ్లై చెక్‌లో (20 ముఖాల పాచిక వేసి ఎగిరే నేర్పుకున్న బోనస్ కలిపే పరీక్షలో) కనీసం 10 రావాలి. ఉన్నచోటనే రెక్కలాడిస్తూ నిలవాలంటే 15 రావాలి. ఐదు అడుగుల కదలికను ఖర్చు చేసి 45 డిగ్రీలకు మించి మలుపు తిరగడానికి 15, పది అడుగులు ఖర్చు చేసి పూర్తిగా వెనక్కు తిరగడానికి 20, 45 డిగ్రీల కంటే నిటారుగా పైకి లేవడానికి 20 కావాలి. పైకి ఎగిరేటప్పుడు వేగం సగమవుతుంది, కిందికి దిగేటప్పుడు తగ్గదు. రెక్కలతో ఎగిరే జీవి ఈ పరీక్షల్లో 5 గాని అంతకంటే ఎక్కువ గాని తేడాతో విఫలమైతే నేల మీద పడి, పడిన ఎత్తుకు తగిన నష్టాన్ని అనుభవిస్తుంది.

ఈ నియమాలను దాడుల నియమాలతో కలిపి చూస్తే అసలు చిక్కు బయటపడుతుంది. మూడు దాడులూ ఒకే వంతులో చేయాలంటే గద్ద శత్రువు పక్కనే నిలిచి ఉండాలి. గాలిలో నిలవడమంటే 15 తెచ్చుకోవడం. మొదటి లెవెల్‌లో ఫ్లై స్కిల్‌లో ఒక ర్యాంకు (ఒక స్కిల్ పాయింటు) పెడితే, ర్యాంకుకు 1, జంతువుకు సహజంగా అబ్బే క్లాస్ స్కిల్‌గా 3, చురుకుదనానికి 2, చిన్న పరిమాణానికి 2 కలిపి +8 వస్తుంది. 20 ముఖాల పాచిక మీద 7 గాని అంతకంటే ఎక్కువ గాని పడితే గద్ద నిలుస్తుంది, 1 లేదా 2 పడితే కూలిపోతుంది. ప్రతి పది వంతుల్లో ఒకసారి నేలకూలే అవకాశమున్న పక్షిని శత్రువుల గుంపు మీద నిలబెట్టడం క్షేమం కాదు. కాబట్టి తొలి లెవెళ్ళలో గద్ద దూరం నుంచి వచ్చి ఒక్క దాడి చేసే పక్షి అని భావించండి. అది శత్రువు మీద నేల స్థాయిలోనే దాడి చేయవలసి వస్తే దిగి నిలబడి మూడు దాడులు చేయడం గాలిలో ప్రయత్నించడం కంటే నయం.

పాచిక ఒక్కసారీ వేయనక్కరలేని స్థితి ఎప్పుడు వస్తుందో తెలుసుకుంటే స్కిల్ పాయింట్లు ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది. ఫ్లై బోనస్ +14కు చేరితే పాచిక మీద 1 పడినా 15 వస్తుంది. స్కిల్ పరీక్షల్లో 1 పడినంత మాత్రాన విఫలం కావడమన్నది లేదు. రెండో లెవెల్‌లో వచ్చే రెండో ఫీట్‌గా ఫ్లై మీద ‘స్కిల్ ఫోకస్’ తీసుకుంటే మరో 3 కలుస్తుంది. మూడో లెవెల్‌లో చురుకుదనం 16 అవుతుంది. నాలుగో లెవెల్‌కు ఉన్న నాలుగు స్కిల్ పాయింట్లలో మూడు ఫ్లైకి ఇస్తే లెక్క సరిగ్గా +14. మిగిలిన ఒక్కటి, ఆపైన వచ్చేవన్నీ చుట్టూ ఉన్నవాటిని గమనించే పర్సెప్షన్‌కే వెళ్ళాలి. ఆ ఫీట్ వద్దనుకుంటే ఆరో లెవెల్ వరకు ప్రతి పాయింటూ ఫ్లైలోనే పోయాలి, అప్పుడు గద్ద కళ్ళు బలహీనంగానే ఉండిపోతాయి. అందుకే నేను స్కిల్ ఫోకస్ వైపే నిలబడతాను.

4. నేర్పవలసిన ట్రిక్కులు

తెలివి 2 ఉన్న జంతువు ఆరు ట్రిక్కులు (ఆజ్ఞ ఇస్తే చేసే పనులు) నేర్చుకోగలదు. మొదటి లెవెల్ సహచరానికి అదనంగా ఒకటి దక్కుతుంది, దానికి శిక్షణ కాలం అవసరం లేదు. మొత్తం ఏడు. మిగిలినవాటికి ఒక్కొక్కదానికి వారం రోజుల శిక్షణ, ట్రిక్కును బట్టి 15 లేదా 20 రావలసిన హ్యాండిల్ యానిమల్ (జంతువును అదుపు చేసే స్కిల్) పరీక్ష అవసరం. ఆట మొదలయ్యేనాటికి గద్దకు ఎన్ని వచ్చి ఉన్నట్టు లెక్కించాలో గేమ్ మాస్టర్‌తో ముందే తేల్చుకోండి.

‘అటాక్’ను ఒకసారి నేర్పితే గద్ద మనుషుల వంటివారి మీద, ఇతర జంతువుల మీద, మరికొన్ని సహజమైన శత్రువుల మీద మాత్రమే దాడి చేస్తుంది. అస్థిపంజరాలు, దయ్యాలు, వింత ప్రాణులు ఎదురైతే వెనుకాడుతుంది. రెండోసారి నేర్పితేనే అన్నిటి మీదా వెళ్తుంది. ఏడింటిలో రెండు దీనికే పోవడం బాధగానే ఉంటుంది గాని, నడిరాత్రి శ్మశానంలో గద్ద ఆజ్ఞ వినకపోవడం అంతకంటే పెద్ద నష్టం.

‘డౌన్’ను ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. ఈ ట్రిక్కు రాని జంతువు శత్రువు ఓడేదాకానో, గాయాలతోనో భయంతోనో తాను పారిపోయేదాకానో పోరాడుతూనే ఉంటుంది. 11 హిట్ పాయింట్ల పక్షికి అది మరణశాసనం. ‘కమ్’ దాన్ని మీ దగ్గరకు రప్పిస్తుంది. ‘సీక్’ అంటే చెప్పిన ప్రదేశానికి వెళ్ళి, అక్కడ స్పష్టంగా ప్రాణంతో గాని చలనంతో గాని ఉన్నవాటిని వెతకడం, గద్దను గద్దగా వాడుకునే ట్రిక్కు ఇదే. ‘ఫెచ్’తో తాళంచెవుల గుత్తి, ఉత్తరం, తాడు కొస వంటివి తెప్పించుకోవచ్చు. ఏడో స్థానంలో చాలామంది మిమ్మల్ని కాపాడే ‘డిఫెండ్’ పెడతారు. నేనైతే ‘పర్ఫార్మ్’ పెడతాను, కారణం తర్వాతి భాగంలో చెబుతాను. ‘ట్రాక్’ వాసన పసిగట్టే జంతువులకు పనికొచ్చేది, గద్దకు వృథా.

సహచర బంధం వల్ల మీరు ఆజ్ఞ ఇవ్వడానికి వంతులో ఏమీ ఖర్చు కాదు, హ్యాండిల్ యానిమల్‌కు 4 బోనస్ కూడా కలుస్తుంది. తెలిసిన ట్రిక్కును చేయించడానికి 10, గద్ద గాయపడి ఉంటే 12 కావాలి. తెలియని పనిని బలవంతంగా చేయించడానికి 25 కావాలి, పైగా మీ కదలిక ఖర్చవుతుంది. డ్రూయిడ్ ఈ స్కిల్‌లో ఒక్క ర్యాంకు పెట్టినా ఆకర్షణ బోనస్ కాకుండానే +8 వస్తుంది. మరో మూడు ర్యాంకులు పెడితే గాయపడిన గద్ద కూడా మీ మాట ఒక్కసారీ జవదాటదు.

5. అది చూసినది మీకు తెలియడం ఎలా

నిజమైన గద్ద చూపు మనిషి చూపు కంటే ఎన్నో రెట్లు తీక్షణమైనదని అందరికీ తెలుసు. నియమాల్లో మాత్రం అలా ఉండదు. అడవి గద్దకు పర్సెప్షన్‌లో జాతి బోనస్‌గా 8 కలుస్తుంది గాని, సహచర జంతువుల పట్టికలో ఆ బోనస్ లేదు. అంతకంటే ముఖ్యంగా, చూసేదానికి పది అడుగుల దూరానికి ఒకటి చొప్పున పరీక్ష కష్టం పెరుగుతుంది. ఎదురుగా కనిపిస్తున్న జీవిని గమనించడానికి మూల సంఖ్య 0 అయినా, 200 అడుగుల ఎత్తు నుంచి చూస్తే అది 20 అవుతుంది. ఒక ర్యాంకుతో +6 ఉన్న గద్దకు అది పాచిక మీద కనీసం 14 పడితే తప్ప అందని సంఖ్య. అందువల్ల ఎంత ఎత్తుకు పోతే అంత మేలన్న భావన ఇక్కడ చెల్లదు. 50, 60 అడుగుల ఎత్తులో, చెట్ల కొసలకు కొంచెం పైన తిరగడం ఉత్తమం. బాణం అందే ఎత్తే అయినా కింద ఉన్నవాళ్ళు అడవిలో ఎగిరే పక్షిని గూఢచారిగా సాధారణంగా అనుమానించరు. జాతి బోనస్‌ను సహచరానికి కూడా ఇవ్వమని గేమ్ మాస్టర్‌ను అడగడంలో తప్పులేదు, అడిగేది ఆట మొదలయ్యే ముందే అడగండి.

చూసింది సరే, చెప్పడం ఎలా? తెలివి 2 ఉన్న పక్షి లెక్కపెట్టలేదు, ఆయుధాల పేర్లు చెప్పలేదు. డ్రూయిడ్‌కూ రేంజర్‌కూ మొదటి స్థాయి మంత్రాల్లోనే ‘స్పీక్ విత్ యానిమల్స్’ ఉంది, దాని కాలం లెవెల్‌కు ఒక నిమిషం. గద్దను పంపేటప్పుడు కాకుండా అది తిరిగి వచ్చి మీ చేతి మీద వాలిన తర్వాతనే ఆ మంత్రం వేయండి, లేకపోతే అది తిరుగుతుండగానే కాలం చెల్లిపోతుంది. అడిగే ప్రశ్నలు పక్షి ప్రపంచానికి సరిపడాలి. “శత్రువులు ఎంతమంది?” అని అడిగితే “చాలా” అన్న సమాధానం తప్ప మరొకటి రాదు. “మన గుంపు కంటే పెద్దదా, చిన్నదా?” “మంట ఉందా?” “నీ మీద ఎవరైనా రాయి విసిరారా?” “కుందేళ్ళు అక్కడ తిరుగుతున్నాయా, దాక్కున్నాయా?” వంటివి అడిగితే గేమ్ మాస్టర్‌కు కూడా చెప్పడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. చివరి ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే చిన్న జంతువులన్నీ దాక్కున్న చోట పెద్దదేదో పొంచి ఉన్నట్టే.

మంత్రం ఖర్చు చేయలేని రోజుల కోసమే ‘పర్ఫార్మ్’. ఏదైనా కనిపిస్తే దాని మీద వలయంగా తిరగడం, ఏమీ కనిపించకపోతే నేరుగా వచ్చి వాలడం అనే రెండు సంకేతాలను శిక్షణలో భాగంగా నేర్పినట్టు గేమ్ మాస్టర్‌తో ఒప్పందం చేసుకోండి. రెండుకు మించి అడగకండి, అంతకు మించితే పక్షి స్వభావం దెబ్బతింటుంది.

6. యుద్ధంలో దాని చోటు

జట్టులో రోగ్ (దొంగదెబ్బ తీసే పాత్ర) ఉంటే గద్ద మొదటి పని శత్రువుకు అవతలి వైపు చేరడమే. ఇద్దరు ఎదురెదురుగా నిలిచినప్పుడు వచ్చే ఫ్లాంకింగ్ బోనస్ రోగ్ దెబ్బను రెట్టింపు ప్రమాదకరం చేస్తుంది, గద్ద స్వయంగా చేసే 1డీ4 నష్టం దాని ముందు లెక్కలోకి రాదు. రెండో పని, దూరంగా నిలబడి మంత్రాలు వేసే శత్రువును చేరుకోవడం. నేల మీది అడ్డంకులేవీ గద్దను ఆపలేవు, చార్జ్ చేస్తే ఒకే వంతులో 160 అడుగులు దాటుతుంది. ఒక్క దాడే దొరుకుతుంది గాని, మంత్రగాడి పక్కన ఎవరో ఒకరు ఉండటమే చాలు, అతడు నిశ్చింతగా మంత్రం వేయలేడు.

‘ఫ్లైబై అటాక్’ ఫీట్ ఉంటే ఎగురుతూ మధ్యలో దాడి చేసి ముందుకు సాగిపోవచ్చు. అది సహచర జంతువులకు ప్రాథమికంగా ఇచ్చిన ఫీట్ల జాబితాలో లేదు, కాబట్టి అనుమతి కావాలి. అనుమతి దొరికితే ఐదో లెవెల్‌లో వచ్చే మూడో ఫీట్‌గా దాన్నే తీసుకోండి.

మంత్రాల్లో ‘బార్క్‌స్కిన్’ను మొదట చెప్పాలి, లెవెల్‌కు పది నిమిషాలు నిలిచి సహజ కవచాన్ని కనీసం 2 పెంచుతుంది. ‘మ్యాజిక్ ఫాంగ్’ ఒక్క సహజ ఆయుధానికే పనిచేస్తుంది గనుక మూడు దాడుల పక్షికి అంతగా ఉపయోగపడదు. ‘గ్రేటర్ మ్యాజిక్ ఫాంగ్’ వచ్చాక అన్నిటికీ ఒకేసారి 1 బోనస్ ఇవ్వవచ్చు, అది గంటల తరబడి ఉంటుంది. మీ మీద మాత్రమే వేసుకోగల మంత్రాలను కూడా స్పర్శతో గద్దకు పంచవచ్చన్న సంగతి మరచిపోకండి. కవచం తొడగాలనుకుంటే తేలికదే తొడగాలి, మధ్యరకం గాని బరువైనది గాని వేస్తే అది ఎగరలేదు.

7. పెరిగే కొద్దీ

మూడో లెవెల్‌లో ‘ఇవేజన్’ వస్తుంది. అగ్నిగోళం వంటి దాడుల నుంచి రిఫ్లెక్స్ సేవ్ నెగ్గితే గద్దకు నష్టమే ఉండదు, చిన్న పక్షికి ఇది గొప్ప వరం. నాలుగో లెవెల్‌కు సగటున 26 హిట్ పాయింట్లు, ఆర్మర్ క్లాస్ 17, ఒక్కో దాడికి +7 ఉంటాయి. అప్పుడు ఏదైనా ఒక సామర్థ్యాన్ని 1 పెంచే అవకాశం వస్తుంది. బలం 13 నుంచి 14కు పెంచితే ప్రతి దెబ్బకూ మరో 1 నష్టం కలుస్తుంది. తెలివిని 3కు పెంచితే గద్ద మరిన్ని ట్రిక్కులు నేర్చుకోగలదు, శరీరం అనుమతించే ఏ ఫీట్‌నైనా తీసుకోగలదు, ఫ్లైబై అటాక్ గురించిన చర్చ కూడా దాంతో తేలిపోతుంది. నా ఓటు తెలివికే.

ఆరో లెవెల్‌లో మనసును వశపరచుకునే మంత్రాలకు ఎదురు నిలిచే 4 బోనస్ వస్తుంది. తొమ్మిదో లెవెల్‌లో మూడు సహజ దాడులున్న జంతువులకు ‘మల్టీఅటాక్’ ఉచితంగా వస్తుందని చదివి సంతోషించేవారున్నారు. ఆ ఫీట్ ద్వితీయ శ్రేణి దాడుల లోటును తగ్గించేది. గద్ద ముక్కు, గోళ్ళు అన్నీ ప్రాథమిక శ్రేణివే కనుక దానికి ఒరిగేదేమీ లేదు. బదులుగా మరో ఫీట్ ఇవ్వమని గేమ్ మాస్టర్‌ను మర్యాదగా కోరవచ్చు.

8. పక్షిని పక్షిగా నడిపించడం

పశ్చిమ మంగోలియాలోని బయాన్-ఓల్గీ ప్రాంతంలో కజఖ్ వేటగాళ్ళు బంగారు గద్దలతో చలికాలంలో నక్కలను వేటాడతారు. వాళ్ళ పద్ధతులు ఈ ఆటకు చక్కగా పనికివస్తాయి. వాళ్ళు ఎక్కువగా ఆడ గద్దనే పెంచుతారు, ఎందుకంటే అది మగదాని కంటే పెద్దది. ప్రయాణంలో దాని కళ్ళకు తోలు టోపీ తొడిగి ప్రశాంతంగా ఉంచుతారు, మందమైన తోలు చేతితొడుగు మీద మోస్తారు, కొన్నేళ్ళు వేటాడాక తిరిగి కొండల్లోకి వదిలేస్తారు. మీ డ్రూయిడ్ సామానులో తోలు టోపీ, చేతితొడుగు రాసుకోండి. రద్దీగా ఉండే సంతలోకి వెళ్ళేటప్పుడు టోపీ తొడుగుతున్నట్టు చెప్పండి. వేటాడిన జంతువు మీద గద్ద రెక్కలు పరచి ఇతరులను దగ్గరకు రానివ్వదు, యుద్ధం ముగిశాక జట్టువాళ్ళు శత్రువు సంచి వెతకబోతే అది అలాగే ప్రవర్తించవచ్చు. బంగారు గద్ద బరువు సుమారు 3 నుంచి 6.5 కిలోలు. నియమాల ప్రకారం మీ గద్ద తేలిక బరువుగా 11 కిలోల దాకా మోయగలిగినా, నిజానికి దగ్గరగా ఆడాలనుకుంటే ఒక తాడు చుట్టకో చిన్న సంచికో పరిమితం కావడం బాగుంటుంది.

9. ఆకాశం లేని చోట

నేలమాళిగలు, గుహలు, సొరంగాలు గద్దకు శత్రుభూములు. పది అడుగుల ఎత్తు పైకప్పు కింద 40 అడుగులకు మించి కదలడం కుదరని చోట ప్రతి వంతులోనూ ఫ్లై చెక్ తప్పదు. లో-లైట్ విజన్ మసక వెలుతురులో పనిచేసేదే గాని చిమ్మచీకటిలో పనికిరాదు, కాబట్టి దివిటీ ఆర్పి ముందుకు సాగే జట్టులో గద్ద గుడ్డిదవుతుంది. గంటకు 31 మైళ్ళు దాటిన గాలిలో చిన్న పరిమాణపు జీవి గాలికి ఎదురుగా కదలడానికే పరీక్ష ఎదుర్కోవాలి, ఫ్లైలో 4 తగ్గుతుంది కూడా. ఇటువంటి చోట్ల గద్దను బయట కాపలాకు ఉంచి వెళ్ళండి. ప్రవేశద్వారం వైపు ఎవరైనా వస్తే దగ్గరకు రానివ్వకుండా అడ్డుకునేలా ‘గార్డ్’ నేర్పి ఉంచినవారికి వెనుక నుంచి దాడి జరిగే భయం తగ్గుతుంది. నాలుగో లెవెల్‌లో తెలివి పెంచాక నేర్పవలసిన మొదటి ట్రిక్కు అదే.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా గద్ద చనిపోవచ్చు. కొత్తదాన్ని పొందాలంటే, ఆ జాతి సహజంగా జీవించే ప్రదేశంలో 24 గంటలు ఎడతెగకుండా ప్రార్థన చేయాలి. ఓడ ప్రయాణం మధ్యలోనో, నేలమాళిగ మూడో అంతస్తులోనో అది సాధ్యం కాదు గనుక, పర్వత ప్రాంతాన్ని విడిచి సుదూర యాత్రకు బయలుదేరే ముందు గద్ద హిట్ పాయింట్లు సగానికి పడిపోగానే ‘డౌన్’ చెప్పి వెనక్కు పిలవాలన్న నియమాన్ని మీ షీట్ పైభాగంలోనే రాసి పెట్టుకోండి.